మోసేవాడి కొలత

పోయిన నెల రాజమండ్రిలో చిన్న పరిశ్రమల వాళ్ళకి ఒక సభ పెట్టారు. ఏసీ హాలు, పెద్ద తెర, మధ్యాహ్నం భోజనంలో పూతరేకులు. పూతరేకుల కోసమే వెళ్ళానని మా షెడ్డులో వాళ్ళంటారు. అననివ్వండి. హైదరాబాదు నుంచి వచ్చిన ఒకతను వేదిక ఎక్కాడు. ముప్పై ఏళ్ళుంటాయి, చొక్కా మీద ఒక్క ముడత లేదు. తెర మీద ఒక గుండ్రం చూపించాడు. దాని మధ్యలో మనిషి బొమ్మ.

"వస్తువు తయారు చేసేముందు దాన్ని వాడే మనిషిని మధ్యలో పెట్టుకోవాలండి. యూజర్ సెంట్రిక్ డిజైన్ అంటారు. విదేశాల్లో వ్యాపారమంతా దీని మీదే నడుస్తోంది. మన దగ్గరకి ఇప్పుడిప్పుడే వస్తోంది" అన్నాడు.

నాకు కూర్చోబుద్ధి కాలేదు. లేచాను. "బాబూ, కొవ్వూరుకి ఇది పదిహేనేళ్ళ కిందటే వచ్చిందండి. ఒక టైలరు దగ్గరికి" అన్నాను.

హాలంతా నవ్వింది. అతనూ మర్యాదగా నవ్వి, "చాలా బాగా చెప్పారండి" అని తరవాతి బొమ్మకి వెళ్ళిపోయాడు. బాగా చెప్పారు అంటూనే నన్ను కూర్చోబెట్టేశాడు. ఆ 'బాగా' అనే మాటకి విలువెంతో నాకు నేర్పిన మనిషి గురించే నేను చెప్పబోయాను. అక్కడ చెప్పనివ్వలేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

కొవ్వూరులో గోదావరి ఒడ్డున గోష్పాదం రేవుకి వెళ్ళే దారిలో ఉండేది ఆ టైలరు కొట్టు. కొట్టంటే ఒక అరుగు, మీద రేకు, ఒక కుట్టుమిషను, అంతే. చొక్కాలు, లాగూలతో పాటు రిక్షా టాపులు, లారీ టార్పాలిన్లు, బడి సంచులు కూడా కుట్టేవాడు. మెడలో టేపు తీసేవాడు కాదు. పెళ్ళికి వచ్చినా అంతే. పెళ్ళికొడుకు మెడలో దండ, ఈయన మెడలో టేపు. ఒక పెళ్ళిలో ఫొటో తీసేవాడు అది తియ్యమంటే, "నన్నే తీసెయ్యండి బాబూ, టేపు వద్దు" అని పక్కకి తప్పుకున్నాడు.

మనిషితో మాట్లాడేటప్పుడు మొహం చూసేవాడు కాదు, భుజాలు చూసేవాడు. కొత్తవాళ్ళు పొగరనుకునేవారు. పేర్లు ఆయనకి గుర్తుండవు. "ఆయనేనండీ, ఎడం భుజం అర అంగుళం దిగి ఉంటుంది" అనేవాడు. మనమే ఆలోచించుకోవాలి. పాతికేళ్ళు సంచీ మోసిన పోస్టుమాన్ గారని అప్పుడు తడుతుంది. ఒకరోజు రేవులో ఒకాయన మాకు వీపు పెట్టి, మొలలోతు నీళ్ళలో నిలబడి స్నానం చేస్తున్నాడు. ఈయన మెట్టు మీద నుంచే, "మీ చొక్కా బుధవారం ఇస్తానండీ" అన్నాడు. నీళ్ళలో ఉన్నాయన వెనక్కి తిరక్కుండానే "అలాగేనండి" అన్నాడు.

జేబు కుట్టాలంటే, అందులో ఏం పెడతారో చెప్పి తీరాలి. చుట్టలు పెట్టుకునేవారికి లోతు, కళ్ళజోడు పెట్టుకునేవారికి వెడల్పు, బడిపంతులికి సుద్దముక్క గుచ్చుకోకుండా లోపల రెండో గుడ్డ. ఒకాయన వచ్చి, పంట్లాం లోపలి వైపు, ఎవరికీ కనపడకుండా ఒక జేబు కావాలన్నాడు.

"ఏం పెడతారండి?"

"ఏదో, కాగితాలు."

"యానాం వెళ్ళొస్తూ ఉంటారా?"

"అబ్బే, అదేం లేదండి."

"పావు సీసానా, అర సీసానా అని అడుగుతున్నానండి. కొలత కావాలి కదా."

ఆయన అటూ ఇటూ చూసి, "అర" అన్నాడు. ఆ జేబు ఎంత బాగా కుదిరిందంటే, ఇంట్లో వాళ్ళకి ఎప్పటికీ తెలియలేదు. మాకు మాత్రం అందరికీ తెలుసు.

దసరా ముందు ఒక పెద్ద రైతు గుడ్డ తెచ్చాడు. "మా పాలేరుకి చొక్కా కుట్టండి. నాకంటే ఓ రెండంగుళాలు తగ్గిస్తే సరిపోద్ది" అన్నాడు.

"ఆయన్ని పంపండి."

"వాడికి చేలో పనుందయ్యా."

"పని అయ్యాకే పంపండి. ఆ తరవాతే కుడతాను."

రైతు కోపంగా వెళ్ళిపోయాడు. మూడో రోజు పాలేరు వచ్చి, చేతులు రెండూ చాపి నిలబడ్డాడు. జన్మలో మొదటిసారి తనకంటూ కొలతలు తీస్తుంటే, ఊపిరి బిగబట్టుకున్నాడు. "ఊపిరి తీసుకోవయ్యా, చొక్కా వేసుకున్నాక కూడా తీసుకోవాలి కదా" అన్నాడు ఈయన.

ఇంకొక పట్టింపు ఉండేది. తను కుట్టిన బట్ట ఎలా ఉందని ఎవరినీ అడిగేవాడు కాదు. "మన గోదావరి వాళ్ళని బాగుందా అని అడక్కూడదండి. ముళ్ళకంప మీద కూర్చోబెట్టి అడిగినా, చాలా బాగుందండి, మీరు కూడా కూర్చోండి అంటారు" అనేవాడు. నెల ఆగి, ఆ మనిషి కనపడినప్పుడు చంక కింద చూసేవాడు, మోచేతి దగ్గర చూసేవాడు. గుండీ విప్పుకున్నాడా, చెయ్యి మడత పెట్టుకున్నాడా, పిన్నీసు పెట్టుకున్నాడా. ఎక్కడ పిన్నీసు ఉంటే అక్కడ తన తప్పు ఉందనేవాడు.

ఇక నా సంగతి. నేను ఎనిమిదో తరగతి దాటలేదు. ఇంగ్లీషు నిఘంటువు పక్కన పెట్టుకుని, యంత్రాల పుస్తకాలు లైబ్రరీలో కూర్చుని చదివాను. పంపులు విప్పి, మళ్ళీ బిగించి నేర్చుకున్నాను. డిగ్రీ ఉన్నవాళ్ళు మా షెడ్డుకి వచ్చి, వస్తువు చూడకముందే "మీరేం చదివారు?" అని అడిగేవారు. ఆ మంట నాకు ఇప్పటికీ చల్లారలేదు. టైలరు ఒక్కడే నన్ను మాస్టారూ అని పిలిచేవాడు. వేళాకోళమేమో అని చాలా రోజులు అనుమానపడ్డాను. కాదు.

ఆ మంటతోనే, చేలల్లో పురుగుమందు కొట్టడానికి వీపున తగిలించుకునే డబ్బా ఒకటి తయారు చేశాను. ఇత్తడిది. చింతపండు పెట్టి తోమిన బిందెలా మెరిసేది. రాజమండ్రిలో ఒక డీలరు దాన్ని చూసి ముచ్చటపడి, ఈ పంటకి ఇవి ఆడితే వచ్చే ఏడాది నుంచి తన కొట్లో సరుకంతా నాదేనన్నాడు. ఆడకపోతే మళ్ళీ బొంబాయి సరుకే తెస్తానన్నాడు. అప్పటికి పంపుల రిపేర్లు తగ్గిపోయాయి. ఈ డబ్బా ఆడకపోతే షెడ్డు మూసెయ్యాలి, అందులో ఉన్న ఐదుగురూ తలో దారి పట్టాలి, నేను యాభై ఏళ్ళు దాటిన వయసులో ఇంకొకరి షెడ్డులో స్పానరు పట్టుకోవాలి.

దానికి ముందు పెట్టిన తోలు పట్టీలు మందుకి కుళ్ళిపోతాయని, కాన్వాసు పట్టీలు కుట్టించడానికి డబ్బా తీసుకుని ఆయన దగ్గరికి వెళ్ళాను. ఆయన దాన్ని చుట్టూ తిరిగి చూశాడు.

"ఎవరు తగిలించుకుంటారండి దీన్ని?"

"రైతులు."

"పదెకరాల రైతు మందు డబ్బా మోస్తాడా మాస్టారూ?"

"కొనేది వాళ్ళే కదండీ."

"కొనేవాళ్ళ సంగతి నేనడగలేదండి. మోసేవాళ్ళ భుజం కావాలి."

నాకు తిక్క రేగింది. "కొలత నేనిచ్చాను కదా. ముప్పై ఆరంగుళాలు. కుట్టండి" అన్నాను.

"మీరే వేసుకునేట్టయితే మీ కొలతకే కుడతాను."

"వేసుకుంటాను. చేసినవాణ్ణి వేసుకోలేనా?"

ఆయనకి కావలసింది అదే. పక్క హోటల్లోంచి నీళ్ళు తెప్పించి, డబ్బా నిండా పోయించి, నా వీపున ఎక్కించాడు. "రైలు గేటు దాకా వెళ్ళి రండి. పంపు కొట్టుకుంటూ వెళ్ళండి" అన్నాడు.

పది అడుగులు వెయ్యగానే అర్థమైంది. పంపు కొట్టే పిడి కుడివైపు ఉంది. ఎడమ చేత్తో పంపు కొడుతూ, కుడి చేత్తో గొట్టం తిప్పడం లోకంలో పద్ధతి. నేను ఈ డబ్బాని మూడు నెలలు బల్ల మీద, వీపుకి ఆనే వైపు నాకు ఎదురుగా పెట్టుకుని, నా ఎడమ చేతికి అందేలా పిడి బిగించాను. బల్ల మీద నా ఎడమ, వీపుకెక్కితే మోసేవాడి కుడి. ఇంత చిన్న సంగతి ఆ డబ్బాని ఒక్కసారి వీపున వేసుకుని ఉంటే తెలిసేది. వేసుకోలేదు. కుడి చేత్తో పంపు కొడుతూ, ఎడమ చేత్తో గొట్టం పట్టుకుని, రోడ్డు మీద పోయే గేదె మీద నీళ్ళు కొట్టాను.

సోడా కొట్టు ఆయన బయటికి వచ్చాడు. "ఏంటండీ, మున్సిపాలిటీలో ఉద్యోగమా?"

"కాదు" అన్నాను.

"దోమల మందేగా. మా ఇంటి వైపు కూడా ఓసారి రండి."

గేటు దగ్గరికి వెళ్ళేసరికి పట్టీలు భుజాల్లోకి దిగిపోయాయి. మూత దగ్గర కారిన నీళ్ళు వీపంతా తడిపి, పంచె దాకా దిగాయి. తిరిగొచ్చాక ఆయన నన్ను తిప్పి నిలబెట్టి, చొక్కా మీద సుద్దతో గుర్తులు పెట్టాడు. పట్టీ కోసిన చోట గీత, తడిసిన చోట గుండ్రం. నన్ను చూసి అరుగు మీద ఉన్నవాళ్ళంతా నవ్వుతున్నారు. ఆయన కూడా నవ్వాడు. తరవాత మెల్లిగా, "నీళ్ళు కాబట్టి నవ్వుతున్నాం మాస్టారూ. ఇదే మందైతే?" అన్నాడు.

నేను అప్పటికీ ఒప్పుకోలేదు. "ఎనిమిది మంది రైతులకి వాడి చూడమని ఇచ్చానండి. అందరూ బాగుందన్నారు" అన్నాను.

ఆయన టేపు సర్దుకున్నాడు. "స్కూటరు తియ్యండి, చూసొద్దాం."

తణుకు దగ్గర ఒక పల్లెలో దిగాం. రైతు ఎదురొచ్చాడు, కాఫీ ఇప్పించాడు. డబ్బా ఎలా ఉందని, అడక్కూడదని తెలిసి కూడా, నేను అడిగాను.

"చాలా బాగుందండి. ముత్యంలా ఉంది. అలాంటిది ఈ చుట్టుపక్కల లేదండి."

డబ్బా బీరువా మీద ఉంది. పసుపు రాసి, కుంకం బొట్లు పెట్టి ఉంది.

"వాడుతున్నారా?"

"మరి అంత మెరిసేదాన్ని బురదలోకి ఎలా దింపుతామండీ?" అన్నాడాయన, నేనే ఏదో తప్పు మాట అన్నట్టు.

టైలరు ఎప్పుడు లేచి వెళ్ళాడో చూడలేదు. పెరట్లో ఉన్నాడు. అక్కడ సత్తిబాబని, ఆ ఇంట్లో మందు కొట్టే కూలీ, సొట్టలు పడిన పాత డబ్బా వీపుకి ఎత్తుకోబోతున్నాడు.

"కొత్త డబ్బా వాడావా?" అని నేనే తొందరపడ్డాను.

"ఆయ్, బాగుందండి" అన్నాడు సత్తిబాబు, నేల చూస్తూ.

"బాగుంది సరేనయ్యా, చొక్కా విప్పి చెయ్యెత్తు" అన్నాడు టైలరు. విప్పాడు. రెండు భుజాల మీదా నల్లగా గట్లు కట్టి ఉన్నాయి. వెన్ను మీద అరచెయ్యంత మేర చర్మం పొర లేచి ఉంది.

"ఈ వెన్ను మీదది పాత డబ్బాదా, కొత్తదా?"

సత్తిబాబు నా వంక, ఇంటి వంక చూశాడు. "కొత్తదండి. ఒక్కరోజే కట్టాను. అయ్యగారు ముచ్చటపడి తెచ్చుకున్నారు కదండీ, ఎందుకు చెప్పడమని ఊరుకున్నాను. మందు కారుతోందంటే మీరు కూడా బాధపడతారు కదండీ."

వీపు కాలినవాడు, కాల్చినవాడు బాధపడతాడని ఊరుకున్నాడు. మా ప్రాంతం మర్యాద గురించి జనం గొప్పగా చెప్పుకుంటారు. ఆ రోజు నుంచి ఆ మర్యాదంటే నాకు భయం.

టైలరు మాత్రం పాత డబ్బా దగ్గర గొంతుక్కూర్చున్నాడు. దాని పట్టీల కింద మడతపెట్టిన గోనె ముక్క కుట్టి ఉంది. జారిపోకుండా రెండు పట్టీలనీ ఛాతీ దగ్గర కలుపుతూ ఒక తాడు. మూత చుట్టూ సైకిలు ట్యూబు ముక్క గట్టిగా చుట్టి ఉంది.

"ఈ గోనె ఎన్ని మడతలు?"

"నాలుగండి. మూడైతే భుజంలోకి దిగిపోద్ది. ఐదైతే డబ్బా ఎనక్కి లాగేత్తదండి."

"ఎన్నాళ్ళు పట్టింది ఇది కనిపెట్టడానికి?"

"రెండు పంటలండి."

ఆయన నా వైపు తిరిగాడు. "మాస్టారూ, మీరు బల్ల దగ్గర మూడు నెలలు. ఈయన వీపు మీద రెండు పంటలు. మీ డబ్బా ఎలా ఉండాలో ఇక్కడ రాసిపెట్టి ఉంది. మనం చదువుకోవడమే." అని టేపు తీసి, సత్తిబాబు భుజాలు, ఛాతీ, నడుము కొలిచాడు. ఆ పాత డబ్బా మీద ఉన్న ప్రతి ముడీ కొలిచాడు.

ఇచ్చిన ఎనిమిదీ వెనక్కి తెచ్చేశాను. వాటితో పాటు షెడ్డులో ఉన్నవాటిని కూడా విప్పేశాం. పిడి ఎడమకి మార్చాం. మూతకి రబ్బరు వేసి, స్క్రూ పెట్టాం. పాలిష్ మానేశాం, బీరువా ఎక్కకుండా. పట్టీలు ఆయన కుట్టాడు. నాలుగు మడతల కాన్వాసు, ఛాతీకి అడ్డంగా ఒక పట్టీ, వీపుకి ఒక మెత్త. డీలరు దాన్ని చూసి మొహం చిట్లించాడు.

"ఇదేంటండీ, జ్వరమొచ్చి దుప్పటి కప్పుకున్నట్టుంది? రైతు నా కొట్లోకొచ్చి చూసేది మెరుపునే. ఇది నేను పెట్టను."

ఆ మాటతో షెడ్డు సంగతి తేలిపోయిందనుకున్నాను. సరాసరి టైలరు దగ్గరికి వెళ్ళి, ఇదంతా మీవల్లేనని అరిచాను. ఆయన మిషను ఆపకుండానే విన్నాడు.

"కొట్లో ఎందుకండీ పెట్టడం? కొట్లో దాన్ని మోసేవాళ్ళెవరూ లేరుగా. సత్తిబాబుకివ్వండి. ఇంకో ఐదు, వాళ్ళ జట్టు వాళ్ళకివ్వండి."

వేరే దారి లేక ఇచ్చాను. ఆరు డబ్బాలు. ఆ పంటలోనే వరికి సుడిదోమ పట్టింది. ప్రతి రైతుకీ ఒకే వారంలో మందు కొట్టేవాళ్ళు కావాల్సొచ్చింది. సత్తిబాబు జట్టు, వాళ్ళని చూసి పక్క ఊళ్ళ జట్లు, అందరిదీ ఒకటే మాట: "పట్టీ డబ్బా ఉంటే వత్తామండి. పాతదైతే మీరే కొట్టుకోండి." ఆ మాట కూడా అండీ తగిలించే అన్నారట. రైతులు రాజమండ్రి పరుగెత్తారు.

మా షెడ్డు పక్క ఎస్‌టీడీ బూతుకి ఫోను వచ్చింది. డీలరు. "ఏమండీ, ఆ దుప్పటి కప్పుకున్నవి ఎన్నున్నాయి మీ దగ్గర?"

షెడ్డు నిలబడింది. ఇప్పటికీ ఉంది. నేను స్వీట్లు కొనుక్కుని రేవు దారికి పరుగెత్తాను. ఆయన ఒకటి నోట్లో వేసుకుని, "నెల ఆగి వెళ్ళి చూద్దాం" అన్నాడు. నెల ఆగి వెళ్ళాం. సత్తిబాబు కొత్త డబ్బా పక్కన ఒక తాడు ఉచ్చు వేసుకుని ఉన్నాడు, మందు కలిపేటప్పుడు గొట్టం నేల మీద పడకుండా తగిలించుకోవడానికి. టైలరు మొహం వెలిగిపోయింది. "చూశారా, ఇంకో ముక్క రాశాడు." తరవాతి డబ్బాలన్నిటికీ ఆ ఉచ్చు చోట ఒక కొక్కెం పెట్టాం. దాని గురించి ఒక ఆఫీసరు, మీకు ఈ ఆలోచన ఎలా వచ్చిందని నన్నడిగాడు. సత్తిబాబుకి వచ్చిందని చెప్పాను. ఆయన ఏం చదివాడని అడిగాడు. వీపు చూసి రమ్మన్నాను.

రెడీమేడ్లు వచ్చాక టైలరుకి చొక్కాలు తగ్గాయి. మా పట్టీలు మాత్రం కళ్ళు మసకబారేదాకా కుట్టాడు. తరవాత ఇంట్లోనే ఉండేవాడు. చూడ్డానికి వెళ్ళి, ఎలా ఉన్నారని అడిగాను.

"చాలా బాగున్నానండి" అన్నాడు, గోదావరి వాడే కదా.

అడిగినందుకు నన్ను నేనే తిట్టుకుని, చూడ్డం మొదలుపెట్టాను. ఆయన చేతికర్ర పిడికి పాత గుడ్డ చుట్టి ఉంది. ఆ గుడ్డ మీద ఇంకో గుడ్డ. బొటనవేలి దగ్గర మరీ మందంగా. అరవై ఏళ్ళు కత్తెర పట్టిన బొటనవేలు, సరిగ్గా వంగడం లేదు. ఆయన మాటల్లో ఉండగా, ఆయన టేపే తీసి, అరచెయ్యి కొలిచాను.

"ఏంటండీ ఇది?"

"ఊరికే. మీరు చెయ్యెత్తండి."

షెడ్డులో ఒక పిడి చెక్కి, బొటనవేలికి పక్కగా ఒక పల్లం తీసి, పైన ఆయన కుట్టిన పట్టీ గుడ్డే బిగించి, ఇచ్చొచ్చాను. బాగుందా అని అడగలేదు. నెల ఆగి వెళ్ళాను. గుడ్డలేమీ చుట్టి లేవు. ఆయన నేను చూడ్డం చూశాడు. మొదటిసారి నా భుజాలు కాకుండా మొహం చూసి నవ్వాడు.

ఆయన పోయాక వాళ్ళ కోడలు ఆ కర్ర తెచ్చి, "మీరు చేసిందే కదండీ, మీరు వాడుకోండి" అంది. నాకూ ఇప్పుడు కర్ర కావాలి. పట్టుకుని షెడ్డు చుట్టూ తిరిగాను. బొటనవేలి పల్లం నా వేలికి అందదు, పొడవు రెండంగుళాలు తక్కువ, అడుగడుక్కీ చేతికి ఒత్తుకుంటుంది. నాలుగడుగులు వేసి గుమ్మం పక్కన ఆనించేశాను. అక్కడే ఉంది. రాజమండ్రి సభకి గొడుగు ఊతం పెట్టుకుని వెళ్ళాను.